పాజ్ నొక్కాల్సిన చోటు

ఆ వీడియో నలభై సెకన్లే. మాట లేదు, సంగీతం లేదు. ఇన్సాట్-3డి ఉపగ్రహం తీసిన చిత్రాలను వరుసగా పేర్చి నడిపితే వచ్చిన కదలిక, అంతే. బంగాళాఖాతం మీద తెల్లటి సుడి ఒకటి తిరుగుతూ తిరుగుతూ మన తీరం వైపు జరుగుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను అది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. మా ఉద్దానం ప్రాంతంలో ఆ రాత్రిని మరిచిపోయిన ఇల్లు లేదు. నా ఎదుట కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పటికి ఆరేడేళ్లు. మంచం కింద దాక్కోవడం, ఇంటి మీది రేకు లేచిపోయిన చప్పుడు వాళ్లకు బాగా గుర్తున్నాయి.

సుడి తీరానికి ఇంకా బెత్తెడు దూరంలో ఉందనగా పాజ్ నొక్కాను. "ఇప్పుడు మన ఊళ్లో గాలి ఎటు నుంచి కొడుతూ ఉంటుంది?" అని అడిగాను.

"సముద్రం వైపు నుంచి" అన్నారు తరగతంతా ఒక్క గొంతుతో. తుపాను సముద్రం మీది నుంచి వస్తోంది కాబట్టి గాలీ అటు నుంచే రావాలి. ఎవరికైనా అలాగే తోస్తుంది. ఆ వయసులో నేనూ అలాగే అనుకున్నాను.

తప్పని చెప్పలేదు. వీడియో ముందుకు నడపలేదు. తెర ఆపేసి, ఇంటికెళ్లి పెద్దవాళ్లను ఒక్క మాట అడిగి రమ్మన్నాను. ఆ రాత్రి కొబ్బరి చెట్లు ఎటు తల పెట్టి పడ్డాయి?

మర్నాడు బెల్లు కొట్టకముందే ఒకడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "మా తాత సెప్పినాడు మాస్టారూ. ముందు ఇచ్ఛాపురం వైపు నుంచి కొట్టీసిందట. మధ్యలో కాసేపు ఆకు కూడా కదల్లేదట. అయిపోనాది గదా అని బయటికొస్తే, ఈసారి టెక్కలి వైపు నుంచి తిరగబడ్డాదట." వాళ్ల తోటలో కొన్ని చెట్లు అటు, కొన్ని ఇటు పడ్డాయి. పక్క ఊరి నుంచి వచ్చే అమ్మాయి ఒప్పుకోలేదు. వాళ్ల ఊళ్లో గాలి ఒక్క నిమిషం కూడా ఆగలేదట, చెట్లన్నీ ఇంచుమించు ఒకే వైపుకు పడ్డాయట. ఇద్దరికీ వాదన మొదలైంది. తరగతి రెండు పక్షాలైంది.

అప్పుడు మిగిలిన ఇరవై సెకన్లు వేశాను. ఇప్పుడు వాళ్లు చూసిన చూపు వేరు. సుడి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతోందని ఒకరు పట్టుకున్నారు. నల్లబల్ల మీద సుడి గీసి, చుట్టూ బాణాలు వేయించాను. సుడి మనకు ఆగ్నేయాన ఉన్నప్పుడు గాలి ఈశాన్యం నుంచి రావాలి, అంటే ఇచ్ఛాపురం వైపు నుంచి. అది మనల్ని దాటి వాయవ్యానికి పోయాక నైరుతి నుంచి, అంటే టెక్కలి వైపు నుంచి. నడుమ కన్ను మన మీదుగా పోతే గాలి ఆగుతుంది. కన్ను దారికి పక్కగా ఉన్న ఊరికి ఆ విరామం దొరకదు. తాత చెప్పిందీ నిజమే, పక్క ఊరి వాళ్లు చెప్పిందీ నిజమే. నలభై సెకన్ల వీడియోకు మాకు రెండు పీరియడ్లు పట్టింది. ఒక్క నిమిషం కూడా వృథా కాలేదని నేను గట్టిగా చెప్పగలను.

ఇలా చెయ్యడం నాకు మొదట్లో రాదు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులొచ్చాయి, ఆ తర్వాత తరగతి గదుల్లోకి పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి. ఆ కొత్తలో పీరియడుకు మూడు, నాలుగు వీడియోలు వేసేవాణ్ని. రంగులు, బొమ్మలు, కదలికలు. పిల్లలు కళ్లార్పకుండా చూసేవారు. "అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్" అని గది అదిరేలా అనేవారు. నేను సంతోషంగా ఇంటికి పోయేవాణ్ని. ఒకరోజు స్లిప్ టెస్టులో ఒకే ప్రశ్న ఇచ్చాను. జీడి పిక్క ఒకటి పైకి విసిరాం. చెయ్యి వదిలాక, అది ఇంకా పైకి పోతున్నప్పుడు దాని మీద ఏ బలాలు పనిచేస్తున్నాయి? గాలి నిరోధాన్ని వదిలెయ్యమన్నాను. గతి నియమాల వీడియోలు అన్నీ చూసిన పిల్లల్లో ఎక్కువమంది, చెయ్యి ఇచ్చిన బలం ఇంకా దాన్ని పైకి తోస్తూనే ఉందని రాశారు. కిందికి లాగే గురుత్వ బలం ఒక్కటే ఉంటుందని రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

తర్వాత తెలిసింది, దీని మీదే ఒకాయన పీహెచ్‌డీ చేశాడని. 'వెరిటాసియం' వీడియోలతో ఇవాళ లోకమంతా ఎరిగిన డెరెక్ ముల్లర్, 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పరిశోధన అది. విషయాన్ని తేటగా, సూటిగా చెప్పే వీడియోను కొందరు విద్యార్థులకు చూపించాడు. బాగుంది, తేలిగ్గా ఉంది అన్నారు. పరీక్ష పెడితే మార్కులు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. మరికొందరికి, జనం సాధారణంగా చేసే పొరపాటును ముందు పెట్టి, దాన్ని వాదించి, ఆపైన సరైనది చెప్పే వీడియో చూపించాడు. వాళ్లు గందరగోళంగా ఉందన్నారు, మార్కులు మాత్రం వాళ్లకే పెరిగాయి. పిల్లాడి తలలో ముందే ఒక జవాబు ఉంటుంది. తేటైన వీడియో ఆ జవాబును కదిలించకుండా పక్కనుంచి పోతుంది. చూస్తున్నవాడికి తాను అనుకున్నదే తెర కూడా చెబుతోందనిపిస్తుంది.

అది చదివాక వీడియోను ఎక్కడ ఆపాలన్నదే నాకు అసలు పనిగా మారింది. ముందురోజు రాత్రి ఇంట్లో రెండుసార్లు చూస్తాను. పిల్లలు ఎక్కడ తప్పు అనుకుంటారో ఆ సెకను నోటుబుక్కులో రాసుకుంటాను. తరగతిలో అక్కడ ఆపి, వాళ్ల చేత ఊహ చెప్పించి, అది బల్ల మీద రాయించాకే మళ్లీ నడుపుతాను. ఊహ రాయకుండా జవాబు చూపించను.

తెర మీద పాఠం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1న మొదలైన సైట్ ప్రయోగంలో, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, తెలుగులోనే బడి పిల్లలకు ఉదయం పాఠాలు వచ్చేవి. 2020లో కరోనా రోజుల్లో దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పాఠాలు వచ్చాయి. రెండూ చిన్న పనులు కావు. అయితే ఆకాశం నుంచి వచ్చే పాఠాన్ని టీచరు ఆపలేడు. ఇవాళ ఆ బొత్తం మన వేలి కింద ఉంది. దాన్ని వాడకపోతే యాభై ఏళ్ల కిందటి టీవీకీ ఇప్పటి ప్యానెల్‌కూ తేడా ఏముంది?

ఏ వీడియో వెయ్యకూడదో తెలియడం కూడా ఈ పనిలో భాగమే. పదో తరగతిలో విసర్జన పాఠం ఉంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, రక్తం వడకట్టే తీరు, డయాలిసిస్ యంత్రం. వేరే జిల్లాలో ఇది ఒక బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునే పాఠం. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో అలా కాదు. తరగతిలో ఎవరో ఒకరి నాన్నో, పెదనాన్నో వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కు పోతూ ఉంటారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయంటే ఇక్కడి కష్టం ఎంతటిదో తెలుస్తుంది. మా జీవశాస్త్రం మేడం ఆ పాఠానికి దొరికిన వీడియోలన్నీ చూసి, ఒకదాన్ని పక్కన పెట్టేశారు. నీళ్లు బాగా తాగితే, మంచి అలవాట్లుంటే కిడ్నీలకు ఏ జబ్బూ రాదని అది నవ్వుతూ ముగుస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా తేలలేదు. వాళ్ల నాన్న అలవాట్ల వల్లే ఇలా అయిందేమో అన్న మాట ఆ పిల్లాడి మనసులో పడితే ఎవరు తీస్తారు? ఆమె నెఫ్రాన్ లోపలి కదలిక చూపించే తొంభై సెకన్ల ముక్కను మాత్రం ఉంచుకున్నారు, మాట తీసేసి తనే చెప్పారు. అదీ ముందురోజు ఆ ఇళ్ల పిల్లలతో విడిగా మాట్లాడాకే. ఆమె నుంచి నేను నేర్చుకున్నది చాలా ఉంది.

మాట తీసెయ్యడం ఇప్పుడు నాకూ అలవాటైంది. వీడియోలోని తెలుగు పుస్తకం తెలుగు. మా పిల్లలకు అది పరీక్షలో కావాలి, కాదనను. కానీ మొదటిసారి వినేటప్పుడు ఇంటి మాటలో వినాలి.

ఇక, కొన్నాళ్ల కిందట జరిగింది చెబుతాను. ఆమ్లాలు, క్షారాల పాఠంలో తటస్థీకరణం వీడియో నడుస్తోంది. ఆపగానే వెనక బెంచీ అమ్మాయి లేచింది. ఆమె తల్లి కాశీబుగ్గలో జీడి పరిశ్రమలో పిక్కలు కొడుతుంది. "మా అమ్మ సేతులకి బూడిద రాసుకుంటాది సార్. అదీ ఇదేనా?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. తల్లి సరేనంటే ఆ పని ఫోనులో తీసుకురమ్మన్నాను. మూడో రోజు తెచ్చింది. ఒక్క నిమిషం వీడియో. ముఖం లేదు, చేతులే. రెండు అరచేతుల నిండా బూడిద అద్దుకుని, వేళ్ల సందుల్లోకి రుద్దుకుని, ఒక్కో పిక్కనూ నిలబెట్టి కొట్టి, పెంకు విప్పి, పప్పు విరక్కుండా తీస్తోంది. చూపుడు వేలి చివర చర్మం నల్లబడి పొరలుగా లేచి ఉంది. ప్యానెల్ మీద ఆ చేతులు మనిషంత కనబడ్డాయి. ఆ నిమిషం గదిలో ఎవరూ మాట్లాడలేదు.

పెంకు నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ ఉంటాయి, చర్మాన్ని కాల్చేవి అవే. బూడిద నీళ్లలో పసుపు కాగితం ముంచాం, ఎర్రబడింది. నిమ్మరసం చుక్క వేశాం, మళ్లీ పసుపైంది. బూడిద క్షారమని తేలింది. "అయితే అది ఆమ్లాన్ని చంపేస్తోందా, లేక నూనె చర్మానికి తగలకుండా అడ్డం పడుతోందా?" అని ఇంకొకడు అడిగాడు. రెండూ కావచ్చని, నూనెను పీల్చుకుని అడ్డంగా నిలవడమే ఎక్కువని నా అంచనా అని చెప్పాను. ఆ నూనెను తరగతికి తేవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. తటస్థీకరణం మీద నా దగ్గరున్న వీడియోలన్నిటిలోకీ ఆ పిల్ల తెచ్చినదే మేలైనది.

అరవింద్ గుప్తా ఆట వస్తువుల చిన్న చిత్రాలు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. పారేసే సామానుతో చేసి చూపించే ఒకటి రెండు నిమిషాల చిత్రాలవి, చూశాక పిల్లలు ఊరికే కూర్చోలేరు. మనకు లేనిది మన చుట్టూ ఉన్నవాటి మీద అలాంటి ముక్కలు. కిటికీలోంచి కనబడేదాన్ని తెర మీద చూపించక్కర్లేదు, బయటికి తీసుకెళ్తే చాలు. కంటికి అందనంత నెమ్మదిగా, లేదా దూరంగా జరిగేదానికే వీడియో కావాలి. తేలినీలాపురంలో గూడకొంగ తన సంచిలోంచి పిల్లకు చేప అందించే తీరు చెట్టు కింద నిలబడితే సరిగా కనబడదు. నౌపడ ఉప్పు కొఠార్లలో నీరు ఎండకు చిక్కబడి, పలుగులు కట్టడం రోజుల పని. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయని పుస్తకం చెబుతుంది. మడిలో మొదటి స్ఫటికం తేలిన క్షణాన్ని మా పిల్లల్లో ఎవరూ చూడలేదు, కొఠార్ల పక్కనుంచి రోజూ బడికొచ్చేవాళ్లు కూడా.

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం ఫోను, స్టాండు పట్టుకుని నౌపడ వెళ్తున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే మడి మీద కెమెరా నిలిపి, దాన్ని నిమిషంలోకి కుదించాలని ఉద్దేశం. పలాస, టెక్కలి వైపు సైన్సు టీచర్లు ఎవరైనా కలిసి వస్తామంటే సంతోషం. గొడుగు, తాగే నీళ్లు తెచ్చుకోండి. అక్కడ నీడ ఉండదు.