మాల తీసిన మర్నాడు

సంక్రాంతి వెళ్లిపోయింది. శబరిమల వెళ్లిన బస్సులు, జీపులు ఊళ్లకు చేరాయి. మాల తీయించుకుని, గడ్డం గీయించుకుని, నల్లబట్టలు ఉతికి బీరువాలో పెట్టేసిన వాళ్లలో కొందరికి ఈ వారం చాలా కష్టంగా గడుస్తుంది. తాగుడు మానాలని మాల వేసుకున్నవాళ్ల గురించే చెబుతున్నాను. డీ-అడిక్షన్ వార్డులో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను కనుక, మాలలు ఎప్పుడు వేస్తారో, ఎప్పుడు తీస్తారో నాకు పంచాంగం చూడకుండానే తెలుస్తుంది.

మాల వేసుకుంటే మానేస్తాడన్న నమ్మకాన్ని వైద్యం తెలిసినవాళ్లు తేలిగ్గా కొట్టిపారేస్తారు. నాకు అలా అనిపించదు. ఎయిమ్స్ చేత కేంద్రం చేయించిన సర్వే ఒకటి 2019లో వెలువడింది. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని అందులో తేలింది. మిగతా 37 మంది ఊరికే ఉండరు. పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేస్తారు. భవానీ దీక్షో, హనుమాన్ దీక్షో, అయ్యప్ప మాలో వేసుకుంటారు. వాళ్లకు దొరికిన వైద్యం అదే, అందులో కొంత నిజంగానే పనిచేస్తుంది.

అయితే ముందు ప్రమాదం సంగతి చెప్పాలి. పొద్దున లేస్తూనే చుక్క పడితే గానీ చేతుల వణుకు తగ్గని మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు ఊరుకోదు. గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత రెండు రోజుల్లో కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎదుట లేని మనుషులతో మాట్లాడతారు, ఎక్కడున్నారో తెలియదు. నల్లబట్టల్లో ఉన్న మనిషి అలా ఊగిపోతుంటే స్వామి పూనాడని హారతి పట్టిన ఇల్లు నాకు తెలుసు. నియమం తప్పినందుకే ఇలా అయిందని దిష్టి తీసి కూర్చున్న ఇల్లూ తెలుసు. ఆ స్థితిలో ప్రాణం పోవచ్చు. ఆస్పత్రిలో అయితే వణుకు, ఫిట్స్ అదుపు చేసే మాత్రలు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఆ నాలుగు రోజులూ దాటిస్తారు. మాలకూ మాత్రకూ తగువేం లేదు. మంచం వద్దంటే కింద చాప వేయించి సెలైన్ ఎక్కించిన స్వాములున్నారు మా వార్డులో.

ఆ గండం గడిచాక మండలం రోజులు, అంటే 41 రోజులు, చాలామంది నిజంగానే చుక్క ముట్టరు. ఎలా ఉండగలుగుతున్నారో నేను చాలాకాలంగా గమనిస్తున్నాను. తాగేవాడికి అసలు కష్టం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా. పని దిగిన అలసట, ఆకలి, జేబులో ఆ రోజు కూలి, దారిలో వైన్స్. మాల ఆ మూడు గంటలనూ ఖాళీగా ఉండనివ్వదు. ఇంటికి రాగానే చన్నీళ్ల స్నానం, సన్నిధానంలో భజన, అల్పాహారం, చాప. పాత స్నేహితులు రమ్మనరు. 'ఒక్క పెగ్గే కదరా' అనే నోళ్లు మూతపడతాయి. వద్దని చెప్పే శ్రమ కూడా అతనికి లేదు, మెడలో మాలే చెబుతుంది. అన్నిటికంటే పెద్దది మర్యాద. నిన్నటిదాకా ఒరేయ్ అన్న వీధి స్వామీ అంటుంది. అప్పిచ్చినవాడు కూడా కాళ్లకు దండం పెడతాడు. ఏళ్ల తరబడి చీదరింపులు తిన్న మనిషి ఆ గౌరవం కోసం ఎంత మొహం వాచి ఉంటాడో దగ్గర నుంచి చూస్తే గానీ తెలియదు.

1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో తాగుడుతో చితికిపోయిన ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను తమ గోడు ఒకరికొకరు చెప్పుకుంటూ మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా ఇలాంటి దారే పట్టింది. అదే బాధ పడ్డవాళ్ల సావాసం, ముందు నడిచిన ఒక పెద్ద, ఈ ఒక్క రోజు తాగనన్న మాట. కాకపోతే ఆ మీటింగులకు విసర్జన ఉండదు. మాలకు ఉంటుంది. మాల తీసే ఆ ఒక్క రోజుతో స్నానం, భజన, తోటి స్వాములు, మర్యాద అన్నీ కలిసి పోతాయి.

మిగిలేది మనసు. ఇన్నేళ్లూ కోపమొచ్చినా, అవమానమైనా, సంతోషమైనా అతను చేసింది ఒకటే పని. ఇప్పుడు అవన్నీ తాగకుండానే మీద పడతాయి. వాటిని ఏమనాలో కూడా తెలియదు. మా గ్రూపు మీటింగుకి వచ్చే తాపీ మేస్త్రి ఒకాయన, మాల తీసిన నాలుగో రోజున "ఏదోలా ఉంది మేడం" అన్నాడు. ఆ 'ఏదోలా'ని విప్పడమే మా పని. ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఎవరున్నారు, అన్నం తిన్నారా, ఒంట్లో ఎక్కడ తెలిసింది అని ఒక్కొక్కటే అడిగాను. గోళ్ల సందుల్లో ఎండిపోయిన సిమెంటును గీక్కుంటూ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి బయటపడింది. గోడ గుండు సరిగా రాలేదని కాంట్రాక్టరు కూలీలందరి ముందూ "తాగుబోతు పని ఇట్లాగే ఉంటది" అన్నాడట. "గొంతు పట్టేసింది మేడం. ఏడుపొచ్చింది." నలభై దాటిన మగమనిషి పదిమందిలో ఏడుపొచ్చిందని అనడం చిన్న సంగతి కాదు. ఎవరూ సలహా ఇవ్వలేదు. పక్కనున్న ఆటో డ్రైవరు "నాకూ అట్లనే పట్టేస్తది అన్నా" అన్నాడు, అంతే. తాగాలన్న కోరిక లేచిందంటే మామూలుగా అరగంటలో తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట పక్కన ఒక మనిషి ఉండాలి.

మేస్త్రి భార్య బాధ వేరు. "మాల ఉన్నన్నాళ్లూ నిద్రపోయాను మేడం. ఇప్పుడు మళ్లీ గేటు చప్పుడైతే గుండె దడ" అంది. గుమ్మంలోనే వాసన చూడటం, జేబులు తడమడం మళ్లీ మొదలయ్యాయి. "స్వామీ అంటే పలికేవాడు. ఇప్పుడేమని పిలవాలో తోచట్లేదు" అని కూడా అంది. ఆమె భయానికీ చికిత్స కావాలి. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అనే సంఘం 1951లోనే విడిగా ఏర్పడింది. మన ఆస్పత్రుల్లో మాత్రం భార్యను ఇప్పటికీ మందులు గుర్తుచేసే మనిషిగానే చూస్తారు. ఇది నాకు నచ్చదు.

ఎవరైనా మళ్లీ తాగితే దీక్షా భంగమైంది, పాపం చేశానన్న కుంగుబాటు వస్తుంది. రెండో సీసా తెరిపించేది చాలాసార్లు ఆ సిగ్గే. పైగా ఇన్నాళ్ల విరామం తర్వాత పాత మోతాదును ఒళ్లు తట్టుకోలేదు. ఆ 41 రోజులూ వృథా కాలేదని, అవి అతని సొంతమని ఇంట్లో ఎవరో ఒకరు అప్పుడే చెప్పాలి.

గురుస్వాములకు నా విన్నపం ఒకటుంది. మాల వేసే ముందు, పొద్దున్నే చేతులు వణుకుతాయా, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని అడగండి. అవునంటే ముందు ఆస్పత్రికి పంపండి, మాల తర్వాత వేయొచ్చు. ఎక్కడికి పంపాలో తెలియకపోతే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు. మా ఊళ్లో ఒక గురుస్వామి మాల తీసినవాళ్లకు కూడా శనివారం భజన దగ్గర పని అప్పజెబుతున్నాడు. ఒకరు పట్టాలు పరవాలి, ఒకరు ప్రసాదం గిన్నెలు కడగాలి. రానివాళ్లకు ఏడింటికల్లా ఫోన్ చేస్తాడు. ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్లవచ్చా అని మొన్న నన్ను అడిగాడు. వెళ్లమన్నాను. తాగి ఉన్నా సరే, ఏమీ అనకుండా కాసేపు కూర్చుని, వచ్చే శనివారం గిన్నెలు నువ్వే కడగాలని చెప్పి రమ్మన్నాను.