స్మిత్ శబ్దవ్యుత్పత్తి

ఆంగ్లేయుల యింటిపేళ్లలో మిక్కిలి వ్యాప్తమైన 'స్మిత్' శబ్దము, కొట్టుట యను నర్థముగల 'స్మైట్' ధాతువునుండి పుట్టినదని కొందఱు చెప్పుదురు. కమ్మరి సమ్మెటతోఁ గొట్టును గదా యని వారి సంతోషము. అర్థము పొసఁగినంతమాత్రమున ధాతువు సిద్ధింపదు. ప్రాచీనాంగ్లమున స్మిత్ శబ్దము ఊష్మాంతము; 'స్మీతన్' ధాతువున నున్నది శుద్ధతకారము. సోదరభాషయగు జర్మనులో మొదటిది 'ష్మీడ్', రెండవది 'ష్మైసెన్'. ఒకే హల్లైనచో నిట్లు దకార సకారములుగా విడివడుటకు హేతువేమి? అదియుంగాక స్మీతన్ అనఁగా నాఁడు పూయుట, మలినపఱచుట. కొట్టుట యను నర్థము తరువాత వచ్చినది. కావున స్మిత్ లోహకారవాచకమే గాని తాడనక్రియాజన్యము గాదు.

వృత్తివలనఁ గలిగిన యీ పేరు వంశపరంపరచే రూఢమైనది. పేరునుబట్టి వృత్తిని నిర్ణయింపరాదు. 1776లో 'వెల్త్ ఆఫ్ నేషన్స్' ప్రకటించిన ఆడమ్ స్మిత్ తండ్రి కర్కాల్డీలో సుంకపుటధికారి.