యతిప్రాసల బోధనము – అద్దంకి తరువోజ

పాఠశాలలకై వెలువడు ఛందోగ్రంథములు కొన్నింట యతికి ‘విశ్రామస్థాన’మని యర్థము చెప్పి, వెంటనే తెలుగుపద్య మొకటి యుదాహరింపబడుచుండును. ఆ పద్యమున యతి పదము నడుమనే పడియుండును. అచట విరామ మేమియు గానరాదు. విద్యార్థి లక్షణమును నమ్మవలెనా, లక్ష్యమును నమ్మవలెనా? విరామము సంస్కృతయతికి లక్షణము. తెలుగున యతి యనగా అక్షరమైత్రి. పాదాద్యక్షరమునకు నియతస్థానమందలి యక్షరముతో హల్లునందును అచ్చునందును గల చెలిమి. క-గలకు మైత్రి కలదు, కా-గీలకు లేదు.

ఈ విషయమును బోధించుటకు గుంటూరుసీమ పండితులు దూరము పోవలసిన పనిలేదు. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువఱకు గుంటూరు జిల్లాలో నుండిన అద్దంకియందలి పండరంగని శాసనమే చాలును. ఇది తూర్పుచాళుక్యుడగు గుణగ విజయాదిత్యుని కాలపుది, సుమారు 848 నాటిది. సేనాని బోయకొట్టములు పండ్రెండింటిని గొని, కందుకూరును బెజవాడవంటిదానిగా జేసెనను వార్త యం దొక తరువోజలో నిమిడియున్నది. ఆదికవికి బూర్వము పద్యమున్నదా యను వాదమునకే దీని నెల్లరు వినియోగించిరి. తేదీని వల్లించిన విద్యార్థులు పెక్కండ్రు. దానిని గణవిభాగము చేసినవారు అరుదు.

తరువోజపాద మనగా ద్విపదపాదములు రెండు: మూడింద్రగణములు, ఒక సూర్యగణము, మరల నట్లే. మొదటి గణాద్యక్షరముతో 3, 5, 7 గణముల యాద్యక్షరములకు యతి. నాలుగు పాదములకును ప్రాస. సీసపాదమునందును ఆఱింద్రగణములు, రెండు సూర్యగణములే! లెక్క యొకటే, కూర్పు వేఱు. సీసమున సూర్యగణములు రెండును తుదనే పడును. ప్రాసనియమము లేదు, ప్రాసయతి చెల్లును. తరువోజలో నది చెల్లదు. గణసంఖ్యను మాత్రమే కంఠస్థము చేసినవాడు రెండింటిని వేఱుపఱుపజాలడు.

శాసనములలో సామాన్యముగా పంక్తి శిలవెడల్పునుబట్టి తెగును గాని పాదమునుబట్టి కాదు. అట్టియెడ పాదారంభమును బట్టిచ్చునది ప్రాస. ద్వితీయాక్షరపు హల్లు నాలుగుచోట్ల నొక్కటియై యుండవలెను గదా. అక్షరము శిథిలమైనచోట యతియు బరిష్కర్తకు దోడగును. అయినను అది హల్లు వర్గమును, అచ్చుల కుటుంబమును దెలుపునే గాని యక్షరమునే తెలుపదు. యతి కుదిరినదన్న మాత్రమున పాఠము నిర్ణయించుట సాహసము.

విద్యార్థిచే ముందు ద్విపదను విభజింపించి, దానినే రెట్టించి తరువోజను జూపి, పిమ్మట శాసనపాఠమును పాదవిభాగము లేకయే చేతికీయవలెను. ఉపమోత్ప్రేక్షలు అటుపిమ్మటి పాఠము.