చట్టానికి సహృదయుడెవరు?

కావ్యానికి విలువ కట్టవలసినవాడు సహృదయుడని మన ఆలంకారికులు వెయ్యేళ్ల కిందటనే తేల్చారు. ఎవరు పడితే వారు సహృదయులు కారు. కావ్యాలు చదివి చదివి మనసుకున్న మకిలి వదిలించుకున్నవాడే ఆ పేరుకు తగినవాడని అభినవగుప్తుని అభిప్రాయం. ఈ పాఠం చెబుతూండగా మా తరగతిలో ఒక విద్యార్థి లేచి, "సార్, కవిత మీద కేసు పెట్టే ఎస్.ఐ. గారు కూడా సహృదయుడై ఉండాలా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చిన తరువాత ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

రచనను అదుపు చేసే ప్రతి చట్టమూ, పైకి చెప్పినా చెప్పకపోయినా, ఒక పాఠకుణ్ణి ఊహించుకుంటుంది. ఆ పాఠకుడెవడో తెలిస్తే ఆ చట్టం గుణం తెలుస్తుంది. ఇంటర్నెట్ రాతల మీద ఆంక్షలను గురించి మన పత్రికలలో సాగుతున్న చర్చ ఎంతసేపూ 'స్వేచ్ఛ కావాలా, అదుపు కావాలా' అన్నచోటనే గిరగిర తిరుగుతున్నది. ప్రశ్నను అలా పెట్టడంలోనే పొరపాటుంది.

మన సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. అందులో 66ఏ అనే సెక్షను మొదట లేదు. 2008 సవరణతో చేరి, 2009 అక్టోబరులో అమలులోకి వచ్చింది. కంప్యూటరు ద్వారా గాని, ఫోను ద్వారా గాని 'మిక్కిలి అభ్యంతరకరమైన' సందేశం పంపినా, అబద్ధమని తెలిసి ఇతరులకు చిరాకు, అసౌకర్యం కలిగించడానికి పదే పదే పంపినా మూడేళ్ల వరకు జైలు. ఈ మాటల పుట్టుక బ్రిటన్‌లో ఉంది. 1935లో అక్కడి తపాలా చట్టానికి చేసిన సవరణలో, టెలిఫోను సందేశాలను ఉద్దేశించి దాదాపు ఇవే విశేషణాలు వాడారు. టెలిఫోను తీగ మీద ఒక మనిషి ఇంకొక మనిషి చెవిలో నేరుగా అనే మాట అది. చెవి ఒకటే, ఆ చెవి ఎవరిదో తెలుసు. ఆ విశేషణాలనే తెచ్చి, లోకమంతా చదవగల రాతకు తగిలించారు మనవారు. ఊరి బావి దగ్గర ఇద్దరు పోట్లాడుకున్నప్పుడు పెట్టే తీర్పును పత్రికా సంపాదకీయానికి వర్తింపజేసినట్టయింది.

విశేషణాలతో నేరాన్ని నిర్మించడం ఎంత ప్రమాదమో వ్యాకరణం చదువుకున్నవారికి విడమర్చి చెప్పనక్కరలేదు. దొంగతనంలో పోయిన వస్తువు కనిపిస్తుంది. హత్యలో శవం కనిపిస్తుంది. 'చిరాకు' ఎక్కడ కనిపిస్తుంది? చదివినవాడి మనసులో. రసం కావ్యంలో ఉందా, చదివేవాడిలో ఉందా అని మన పెద్దలు తరాల తరబడి వాదించుకున్నారు. 66ఏ ఆ వాదాన్ని ఒక్క దెబ్బతో తేల్చేసింది: నేరం చదివేవాడిలోనే ఉంది. పైగా ఆ చదివేవాడు సహృదయుడు కానక్కరలేదు. ఎంత తొందరగా కోపం వస్తే అంత మంచి పాఠకుడు. ఊళ్లో అందరికంటె ముక్కోపి ఎవడో అతడే ఈ చట్టానికి ప్రమాణం.

ఫలితం చూశాం. 2012 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి మీద వ్యంగ్యచిత్రం పంపినందుకు కలకత్తాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆచార్యుణ్ణి అరెస్టు చేశారు. ఆయనకు ఆ కేసు నుంచి విముక్తి కలిగేసరికి 2023 వచ్చింది. అదే 2012 నవంబరులో, బాల్ ఠాక్రే మరణించినప్పుడు బొంబాయి ఎందుకు మూతపడాలని ఫేస్‌బుక్‌లో ప్రశ్నించిన ఒక అమ్మాయిని, ఆ మాటకు 'లైక్' కొట్టిన ఆమె స్నేహితురాలిని పాల్ఘర్‌లో పట్టుకున్నారు. చేతివేలితో ఒక్కసారి తాకడం కూడా రచనే అయింది! మన వైపు చూస్తే, 2013 మేలో ఒక శాసనసభ్యుణ్ణి విమర్శిస్తూ రాసినందుకు పౌరహక్కుల సంఘం నాయకురాలు ఒకామెను చీరాల పోలీసులు అరెస్టు చేశారు. ఆ కేసు ఢిల్లీకి చేరిన తరువాతనే, పై అధికారి అనుమతి లేకుండా ఇటువంటి అరెస్టులు చేయరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది.

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో 66ఏను సుప్రీంకోర్టు పూర్తిగా కొట్టివేసింది. తీర్పు రాసినవారు జస్టిస్ నారిమన్. ధర్మాసనంలో ఆయనతో కూర్చున్నవారు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. ఈ సెక్షనును దుర్వినియోగం చేయం, మమ్మల్ని నమ్మండి అని ప్రభుత్వం తరఫున హామీ ఇచ్చారు. ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి, సెక్షను మాత్రం ఉంటుంది గనుక ఆ హామీతో పని లేదన్నది న్యాయస్థానం. చర్చించడం వేరు, ఒక పక్షాన వాదించడం వేరు, నేరానికి ఉసిగొల్పడం వేరు. మూడవదాన్ని మాత్రమే చట్టం ముట్టుకోవచ్చునని కూడా అన్నది. ఇంత స్పష్టంగా చెప్పిన తరువాత కూడా పోలీసు స్టేషన్లలో 66ఏ చావలేదు. చచ్చిన సెక్షను కింద కేసులు పెట్టవద్దని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశించవలసి వచ్చింది.

నా విద్యార్థి ప్రశ్నకు సమాధానం దొరికింది 2025లో. పార్లమెంటు సభ్యుడూ ఉర్దూ కవీ అయిన ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక వీడియోకు నేపథ్యంగా ఒక కవిత వినిపించాడు. జామ్‌నగర్‌లో కేసు పెట్టారు. గుజరాత్ హైకోర్టు కేసును కొట్టివేయడానికి ఒప్పుకోలేదు. మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఎలా కొట్టివేసిందన్నది ముఖ్యం. న్యాయమూర్తులు కవితను చదివారు. అన్యాయాన్ని ప్రేమతో ఎదుర్కొంటామనే భావం అందులో ఉందని గుర్తించారు. మాటల ప్రభావాన్ని ధీరచిత్తుల దృష్టితో కొలవాలి గాని, ప్రతి మాటలోనూ ప్రమాదాన్ని శంకించే దుర్బలుల దృష్టితో కొలవరాదని 1946 నాటి నాగపూరు తీర్పు ఒకటి ఉన్నది. దానిని తిరిగి నిలబెట్టారు. అభినవగుప్తుడు న్యాయస్థానంలో అడుగుపెట్టాడనను గాని, గుమ్మం దాకా వచ్చాడనవచ్చు. అదే సంవత్సరం సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కూడా రాజకీయ విమర్శ పోస్టుల మీద పెట్టిన మూడు కేసులను కొట్టివేసి, ముందు ప్రాథమిక విచారణ చేయకుండా కేసు కట్టవద్దని పోలీసులకు నియమాలు పెట్టింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది తోసివేయదగింది కాదు. అభిప్రాయం రాసిన స్త్రీకి రాత్రికి రాత్రి వందల బూతులు వచ్చిపడతాయి. ఆమె ముఖాన్ని ఇంకొకరి శరీరానికి అతికించి ఊరంతా పంచుతారు. స్వేచ్ఛ పేరుతో దీన్ని భరించాలా అని మన రచయిత్రులే అడుగుతున్నారు. భరించనక్కరలేదు. అనుమతి లేకుండా బొమ్మ తీయడం, వెంటబడి వేధించడం, చంపుతాననడం చేతలు. వాటిని చదివేవాడి మనసులో వెతకనక్కరలేదు. గాయపడ్డ మనిషి ఎదురుగా ఉంది. అందుకు సెక్షన్లు ఉన్నాయి, అవి 66ఏతో పాటు పోలేదు. వాటిని కదిలించని పోలీసులు నాయకుడి మీద వ్యంగ్యం కనిపించగానే కదులుతారు. అంటే చట్టం లేక కాదు, ఎవరి నొప్పి నొప్పి అన్న లెక్కలో ఉంది లోపం. మన శిబిరం కూడా ఈ లెక్కలో నిర్దోషి కాదని చెప్పక తప్పదు. మనవాడి మీద కేసు పెడితే భావస్వేచ్ఛకు సంకెళ్లంటాం. ఎదుటివాడి మీద పెడితే 'చట్టం తన పని తాను చేసుకుపోతుంది' అంటాం. తెలుగునాట ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ రెండు వాక్యాలూ చేతులు మారుతున్నాయి.

అయితే శ్రేయా సింఘాల్ తీర్పును మనం సగమే చదివి పండుగ చేసుకున్నామని నా ఫిర్యాదు. 66ఏను కొట్టివేసిన ఆ తీర్పే 69ఏను నిలబెట్టింది. ఇంటర్నెట్‌లోని ఏ సమాచారాన్నయినా దేశ భద్రత, ప్రజాశాంతి వంటి కారణాల మీద కేంద్రప్రభుత్వం మూయించవచ్చునంటుంది 69ఏ. కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలనే రక్షణ ఉంది గనుక న్యాయస్థానం సమ్మతించింది. కాని 2009 నిబంధనలలో పదహారవది, ఈ ఫిర్యాదులూ చర్యలూ రహస్యంగా ఉంచాలంటుంది. కారణం రాస్తారు. రాసి ఫైలులో మడిచి పెడతారు!

ఇందుకు పక్కన 1950 నాటి సంగతి ఒకటి పెట్టి చూడాలి. రమేశ్ థాపర్ బొంబాయి నుంచి ప్రచురించిన 'క్రాస్‌రోడ్స్' వారపత్రికను మద్రాసు రాష్ట్రంలోకి రానీయకుండా ఆ ప్రభుత్వం నిషేధించింది. సర్కారు జిల్లాలూ రాయలసీమా అప్పుడు ఆ రాష్ట్రంలోనివే గనుక మన పాఠకుడి చేతిలోంచి కూడా ఆ పత్రికను లాక్కున్నట్టే. నిషేధం అన్యాయమే. కాని అది ఫోర్ట్ సెంట్ జార్జి గెజెట్‌లో అచ్చయింది. ఏ చట్టం, ఏ సెక్షను, ఏ పత్రిక అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. సంపాదకుడు ఆ కాగితం పట్టుకుని తన పేరుతో సుప్రీంకోర్టు మెట్లెక్కాడు, గెలిచాడు. దాంతో 1951లో రాజ్యాంగాన్నే సవరించి 'ప్రజాశాంతి' అనే మాట చేర్చారు. ఈనాటి 69ఏలో కనిపించేది ఆ మాటే. ఆనాటి ప్రభుత్వాన్ని నేను పొగడడం లేదు. గెజెట్టును మాత్రం పొగుడుతున్నాను.

ఈనాడు మెట్లెక్కేది ఎవరు? ట్విట్టర్ కంపెనీ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. 2023 జూన్‌లో యాభై లక్షల ఖర్చులు విధించి పిటిషన్ కొట్టివేశారు. ఎక్స్ అని పేరు మార్చుకున్న తరువాత అదే కంపెనీ, రాతలు తీయించే 'సహయోగ్' పోర్టల్ మీద మళ్లీ వెళ్లింది. 2025 సెప్టెంబరులో అదీ కొట్టివేశారు. భావప్రకటన హక్కు పౌరుడిది, విదేశీ కంపెనీది కాదన్నారు. నిజమే, లాభం కోసం నడిచే ఆ కంపెనీ నాకూ ఆప్తబంధువు కాదు. కాని ఇందులోని తమాషా గమనించండి. హక్కున్న పౌరుడికి తన రాత ఎందుకు మాయమయిందో చెప్పరు. కబురు అందుకునే కంపెనీకి హక్కు లేదు. ఇక అడిగేవాడెవడు? 66ఏ ముక్కోపి పాఠకుణ్ణి న్యాయమూర్తిని చేసింది. ఈ పద్ధతిలో పాఠకుడే లేడు, రచయితా లేడు. తెర మీద ఒక పంక్తి ఉంటుంది, 'న్యాయపరమైన ఆదేశం వల్ల ఇది మీ దేశంలో కనిపించదు' అని.

2020 జనవరిలో కాశ్మీరు ఇంటర్నెట్ మూసివేత మీద అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, అటువంటి మూసివేత ఉత్తర్వులను ప్రచురించి తీరాలన్నది. ఒక ప్రాంతాన్నంతా మూసినప్పుడు ప్రచురించవలసిన ఉత్తర్వు, ఒక మనిషి నోరు మూసినప్పుడు ఎందుకు దాగాలి?

దీనికి ఆధారం 2009 నిబంధనలలో ఎనిమిదవది. సమాచారాన్ని పెట్టిన 'వ్యక్తికి లేదా మధ్యవర్తి సంస్థకు' నోటీసు ఇవ్వాలని ఉంది అందులో. మధ్యవర్తి అంటే కంపెనీ. ఆ 'లేదా'ను పట్టుకుని, కంపెనీకి చెబితే చాలు, రాసినవాడికి చెప్పనక్కరలేదని ప్రభుత్వ వ్యవహారం సాగుతున్నది. రాసినవాడు ఎవరో తెలిసినప్పుడు అతనికీ చెప్పాలనే అర్థం ఆ వాక్యానికి ఉందని, 2015 తీర్పు చదివినా అదే తోస్తుందని నేను వాదిస్తాను. 'అన్నమో లేదా పులుసో పెట్టు' అంటే రెండూ ఉన్న ఇంట్లో ఒట్టి పులుసు పోసి పంపమని ఏ తల్లీ అర్థం చేసుకోదు. ఈ 'లేదా' మీద దాఖలయిన పిటిషనులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ఈసారి కోర్టుకు వెళ్లింది కంపెనీ కాదు.