పేట్కర్ భుజాలు

మురళీకాంత్ పేట్కర్‌ది మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా, కాదనను. కానీ ఆ భుజాలు మాత్రం మన సికింద్రాబాద్‌లో సైన్యపు ఈఎంఈ విభాగం బాక్సింగ్ రింగులో రాటుదేలినవి. ఈ మాట ఎవరెదుటైనా గట్టిగానే అంటాను. 1965 యుద్ధంలో తూటాలు దిగి ఆ జవాను నడుము కింది భాగం చచ్చుబడింది. ముంబయి నౌకాదళ ఆస్పత్రిలో చికిత్స కోసమని నీళ్లలోకి దించారు. 1968లో టెల్ అవీవ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్ ఆడారు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో ఈదేశారు. స్వర్ణం, పైగా ప్రపంచ రికార్డు! పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే తొలి పతకం.

ఆ 37.33 ఎంత గొప్పదో తెలియాలంటే నీళ్లలో కాళ్ల పనేమిటో తెలియాలి. అవి ఒంటిని ముందుకు తోయడమే కాదు, నీటిమట్టానికి సమంగా నిలబెడతాయి కూడా. అవి ఆడకపోతే తుంటి కుంగుతుంది, కాళ్లు లంగరులా వేలాడతాయి. మా పేట కొలనులో అలాంటి కుర్రాడొకడు ఈదుతుంటే గట్టు మీద గంటలు గంటలు కూర్చుని చూశాను. తల కాస్త ఎత్తాడా, మడమలు అడుక్కి పోతాయి. తల దించి ఛాతీతో నీటిని నొక్కితే తక్కెడలా వెనక భాగం పైకొస్తుంది. ఊపిరికి మొహం మొత్తం తిప్పడు, పెదవుల చివర మాత్రం గాలికి తగులుతుంది. చెయ్యి నీళ్లలో పడ్డాక మోచేతిని పైనే నిలిపి, అరచేతినీ ముంజేతినీ కలిపి ఒకే తెడ్డు చేస్తాడు. ఒక చెయ్యి బలంగా లాగితే కాళ్లు తోకలా పక్కకు ఊగుతాయి. రెండో చెయ్యి ఆ ఊపును సరిదిద్దుతూనే ముందుకు లాగాలి. గోడను తన్ని బయల్దేరే వీలే లేదు. ఎంత నేర్పు! ఎంత చక్కని పనితనం!

ఇప్పుడు శారీరక వైకల్యాన్ని బట్టి ఈతగాళ్లకు ఎస్1 నుంచి ఎస్10 దాకా తరగతులున్నాయి. పరీక్షలో ఒంట్లో ఉన్న బలం దాచి కింది తరగతిలోకి దూరేవాళ్ల సంగతి వింటే ఒళ్లు మండుతుంది. అది ఒక్కొక్క మడమను ఛాతీతో పైకెత్తుకున్న వాళ్ల చెమటను దోచుకోవడం. ఈ విద్యను విద్యగా చూడకుండా 'పాపం' అని కళ్లొత్తుకునే వాళ్ల మీదా నాకు కోపమే. పేట్కర్‌కు పద్మశ్రీ వచ్చింది 2018లో, అంటే 46 ఏళ్ల తర్వాత! 2024లో ఆయన జీవితం మీద 'చందు ఛాంపియన్' సినిమా వచ్చాకే చాలామందికి ఆయన పేరు తెలిసింది. అర్జున పురస్కారం 2025లో గానీ చేతికందలేదు. 2024 పారిస్ దాకా పారాలింపిక్ ఈతలో మనకు రెండో పతకమే లేదు.

ఎలా వస్తుంది? మా కొలనులో ఆ కుర్రాణ్ని ఈనాటికీ వాళ్ల నాన్న చంకనెత్తుకుని, తడి మెట్ల మీద ఆచితూచి అడుగేస్తూ నీళ్లలోకి దించుతున్నాడు. అయ్యా, కొలనులు కట్టించే పెద్దలారా, అక్కడో ర్యాంపు వేయించండి, నీళ్లలోకి దించే కుర్చీ ఒకటి బిగించండి. ఆ నాన్నకు నడుం నొప్పి మొదలైంది.