నేనెవరో చెప్పండి చూద్దాం

చెన్నై అంబత్తూరు ఓటీలో ఉండే మా బాబాయిగారికి పక్షవాతం వచ్చి ఇది మూడో వారం. మొన్న ఆదివారం వెళ్లేసరికి మంచం చుట్టూ చుట్టాలు. "నేనెవరో చెప్పండి చూద్దాం", "ఇవి ఎన్ని వేళ్లు?" అని ఒకటే పరీక్షలు. ఆయన అందర్నీ గుర్తుపట్టారు, పేర్లే నోటికి రాలేదు. కళ్లనీళ్లు కారిపోయాయి. "ఛ, మగాళ్లు ఏడుస్తారా!" అన్నారొకరు. నాకు ఒళ్లు మండిపోయింది.

పరామర్శకు తక్కువమందే వెళ్లాలన్నది నా పాత పోరు. ఈసారి అసలు వెళ్లొద్దనే రాద్దామనుకున్నాను.

చెయ్యి లేచిందా, కాలు కదిలిందా అని అందరూ అడుగుతారు; మాట సంగతి, మనసు సంగతి ఎవరూ అడగరు. మాట పోయినంత మాత్రాన తెలివి పోదు. 1861లో పారిస్ డాక్టరు పాల్ బ్రోకా చూసిన రోగి "టాన్" అన్న ఒక్క ముక్కే పలికేవాడు, ఎదుటివారు చెప్పింది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. ఏడుపును అదుపులో పెట్టే నరాల దారి దెబ్బతింటే, దుఃఖం లేకపోయినా కన్నీళ్లొస్తాయి. అసలు దిగులు వేరే. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందిని డిప్రెషన్ పట్టుకుంటుంది. దానికి మందుంది. కానీ "ఇంత జరిగాక దిగులుండదా" అని ఇంట్లోవాళ్లు డాక్టరుకు చెప్పనే చెప్పరు.

బాబాయిగారు అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ మీద బతుకంతా గడిపారు. పగలు తమిళం, ఇంట్లో తెలుగు. ముందు ఏ భాష తిరిగొస్తుంది? అమ్మ నేర్పినదే అన్నాడు ఫ్రాన్సులో మనస్తత్వవేత్త రిబో. ఎక్కువ వాడినది అన్నాడు 1895లో అక్కడి డాక్టరు పీత్ర్. బాబాయిగారికి ముందు వచ్చినవి తమిళ అంకెలు. పిన్ని కాస్త చిన్నబుచ్చుకుంది. హైదరాబాదు నిమ్స్‌లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలిస్తే, ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి ఆలోచన, జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఒక్క భాషే వచ్చినవారిలో అది 19.6 శాతమే. మాట పోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

"ఆదివారం ఇల్లు పట్టరు, సోమవారం నుంచి గడప తొక్కేవాళ్లుండరు," అంది పిన్ని. సాయంత్రాలు వచ్చేది ఆయనతో పనిచేసిన తమిళాయన ఒక్కడే. ఏమీ అడగడట. షాపు కబుర్లు చెబుతాడు, బాబాయిగారు మాట కోసం వెతుక్కుంటుంటే అందివ్వకుండా ఆగుతాడు. ఆయన దగ్గరే బాబాయిగారు మొదటిసారి ఒక వాక్యం పూర్తి చేశారు.

కాబట్టి తక్కువమంది అన్న మాట మీదే ఉన్నాను, తక్కువసార్లు అని మాత్రం అనను. నాలుగో వారంలో, పనిరోజున, ఒక్కరే వెళ్లండి. మధ్యాహ్నానికే ఆయన అలిసిపోతారు, ముందు ఫోన్ చేయండి. పిన్ని రాత్రిళ్లు నిద్రపోతోందో లేదో కూడా అడగండి.