శనివారం అయిదు, ఆదివారం ఇరవై ఒకటి

ఆగస్టు నెలాఖరు దగ్గరపడుతుంటే పటాన్‌చెరు, రామచంద్రాపురం, సంగారెడ్డి వైపు పరుగు అలవాటున్నవాళ్ల మధ్య ఒక ప్రశ్న తిరుగుతుంటుంది. శనివారం కూడా పరుగెత్తాలా, లేక ఆదివారం కోసం కాళ్లను కాపాడుకోవాలా? 2007లో పుట్టిన హైదరాబాద్ రన్నర్స్ సంఘం నడిపే హైదరాబాద్ మారథాన్‌కు రెండు రోజులుంటాయి. శనివారం హైటెక్స్ దగ్గర అయిదు కిలోమీటర్ల పరుగు. ఆదివారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా నుంచి హాఫ్ (ఇరవై ఒక్క కిలోమీటర్లు), ఫుల్ మారథాన్లు మొదలై గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ముగుస్తాయి. రెండు రోజులూ బిబ్ (ఛాతీ మీది నంబరు చీటీ) కట్టుకుంటే ఇరవై నాలుగు గంటలు గడవకముందే అవే కాళ్లతో మళ్లీ గీత దగ్గర నిలబడాలి.

వెంటవెంటనే రెండు పోటీలు పరుగెత్తడం కొత్త సంగతేమీ కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో చెకోస్లొవేకియా పరుగువీరుడు ఎమిల్ జటోపెక్ జూలై 20న పది వేల మీటర్లు, 24న అయిదు వేల మీటర్లు గెలిచి, 27న అంతకుముందెన్నడూ పరుగెత్తని మారథాన్‌లో దిగి అదీ గెలిచాడు. మన కాలంలో మన దేశానికే చెందిన పారుల్ చౌధరి ఉంది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అక్టోబర్ 2న మూడు వేల మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో రజతం అందుకుంది. మర్నాడే అయిదు వేల మీటర్లలో దిగి, చివరి మీటర్లలో జపాన్ అమ్మాయిని దాటి స్వర్ణం తెచ్చింది. సామాన్యుల కోసమైతే అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ 2006 నుంచి ఒక సవాలు నడుపుతోంది: శనివారం హాఫ్, ఆదివారం ఫుల్. 2014లో దానికి ముందు మరో రెండు రోజులు చేర్చి నాలుగు రోజుల సవాలును కూడా మొదలుపెట్టారు. ఆ నాలుగూ కలిపితే 78 కిలోమీటర్లు.

పారుల్ లాంటివాళ్లకు కోచ్, ఫిజియో ఉంటారు. వాళ్ల రోజు పరుగు చుట్టూనే తిరుగుతుంది. పాశమైలారం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి ఇస్నాపూర్ గదికి చేరే మనిషి సంగతి వేరు. అతని వారాంతానికి పనికొచ్చే పద్ధతులు ఏమిటన్నదే అసలు చెప్పుకోవలసిన విషయం.

ఈ నేలకు తనదైన పరుగు సంప్రదాయం ఒకటి ఉంది. దానికీ మారథాన్లకూ సంబంధం లేదు. సంగారెడ్డి అంబేడ్కర్ స్టేడియంలోనో పటాన్‌చెరు మైత్రి మైదానంలోనో పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడే రోజుల్లో పొద్దున్నే చూస్తే తెలుస్తుంది. కుర్రాళ్లు, అమ్మాయిలు ‘ఈవెంట్స్’కు, అంటే దేహదారుఢ్య పరీక్షలకు, తయారవుతుంటారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్ అభ్యర్థుల్లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ఆ వెంటనే లాంగ్‌జంప్, షాట్‌పుట్. అంటే ఊపిరి ఇంకా కుదుటపడకముందే మరో పరీక్షకు ఒంటిని సిద్ధం చేయడం వాళ్లకు తెలుసు. ఉద్యోగం వచ్చినా రాకున్నా వాళ్లలో కొందరు పరుగు మానరు. ఫ్యాక్టరీలో చేరాక ఆదివారాల్లో మళ్లీ బూట్లు కట్టుకుంటారు. ఈ ప్రాంతపు రన్నర్లంటే ఐటీ ఉద్యోగులే అనుకోవడం పొరపాటు.

ఇక పద్ధతి. మొట్టమొదటి నియమం చెప్పడానికి తేలిక, పాటించడానికి కష్టం. రెండిట్లో ఒకటే పోటీ, రెండోది కేవలం పరుగు. ఏది ఏదో శుక్రవారం లోపే తేల్చుకోవాలి. ఆదివారం హాఫ్‌లో మంచి టైమ్ కావాలనుకుంటే శనివారం అయిదు కిలోమీటర్లను పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగానికి పరిమితం చేయాలి. శనివారం రికార్డు కొట్టాలనుకుంటే ఆదివారం గడియారం ఇంట్లో వదిలేయడం మేలు. రెండిట్లోనూ సత్తా చూపుతానని దిగినవాళ్లు పద్నాలుగో పదిహేనో కిలోమీటరు దగ్గర నడక మొదలుపెడతారు. శనివారం సంగీతం, గుంపు, పక్కనుంచి దూసుకుపోయే కాలేజీ పిల్లలు, అన్నీ రెచ్చగొడతాయి. అక్కడ నిగ్రహించుకోవడమే ఈ విద్యలో సగం.

మిగతా సగం, రెండు పరుగుల నడుమ గంటలు. ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఆ గంటల్ని ఎలా వాడాలో కూడా తెలుస్తుంది. కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో మరో 100 గ్రాముల గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. గట్టిగా పరుగెత్తితే అది గంటన్నర, రెండు గంటలకు అడుగంటుతుంది. మళ్లీ పూర్తిగా నిండటానికి, బాగా తింటే, ఇరవై నుంచి ఇరవై నాలుగు గంటలు పడుతుంది. అయిదు కిలోమీటర్లకు ఆ నిల్వ పెద్దగా తరగదు. అందుకే అయిదు, ఇరవై ఒకటి జోడీ సామాన్యుడికి అందుబాటులో ఉంది. శనివారం పది కిలోమీటర్లో హాఫో పరుగెత్తితే మాత్రం లెక్క మారుతుంది. పరుగు ముగిశాక మొదటి నాలుగు గంటల్లో కండరం పిండిపదార్థాన్ని వేగంగా లాక్కుంటుంది. ఆ వేళలో కిలో బరువుకు గంటకు ఒక గ్రాము చొప్పున తినాలంటారు క్రీడా పోషకాహార నిపుణులు. అరవై కిలోల మనిషికి గంటకు అరవై గ్రాములు. నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు దాదాపు ఆ లెక్కకు సరిపోతాయి.

తిండి దగ్గర ఈ ప్రాంతం వారికి ఒక మాట విడిగా చెప్పాలి. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద ప్రపంచానికి పరిశోధన చేసిపెట్టే సంస్థ. సంగారెడ్డి పల్లెల్లో జొన్నరొట్టె రోజూ తినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వారమంతా శిక్షణకు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర కంటే మంచి తిండి వెతికినా దొరకదు. కానీ శనివారం రాత్రి మాత్రం దాన్ని పక్కన పెట్టాలి. పీచు ఎక్కువున్న భోజనం పొట్టలో నెమ్మదిగా కదులుతుంది, మర్నాడు పదో కిలోమీటరు దగ్గర ఇబ్బంది పెడుతుంది. తెల్లన్నం, పెరుగు, కొంచెం పప్పు చాలు. వేపుడు, పచ్చడి, మటన్ ఆదివారం మధ్యాహ్నానికి దాచుకోవచ్చు.

నీళ్లకూ ఒక కొలత ఉంది. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకుంటే తగ్గిన ప్రతి కిలోకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర లీటరు నెమ్మదిగా, కొన్ని గంటల్లో తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ ఇందుకు బాగా పనికొస్తుంది. ఒకేసారి సీసాలు సీసాలు మంచినీళ్లు తాగడం మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. శనివారం సాయంత్రం కాళ్లు పట్టేశాయని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగి ఆదివారం దిగేవాళ్లున్నారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాల మీద భారం మోపుతాయి, నొప్పి చేసే హెచ్చరికను కూడా నొక్కేస్తాయి. మాత్ర వేసుకుంటే తప్ప పరుగెత్తలేని కాలుతో ఆదివారం పరుగెత్తకూడదు. ఈ ఒక్క విషయంలో రాజీ ఉండరాదు.

చిన్న చిన్న విషయాలే చాలాసార్లు పెద్ద దెబ్బ తీస్తాయి. ఆగస్టు వానలో శనివారం తడిసిన బూటు ఆదివారానికి ఆరదు. రెండో జత లేకపోతే లోపలి అట్టలు బయటికి తీసి, పాత పేపర్లు కుక్కి, గంటకోసారి మార్చాలి. తడి బట్టలు తొడలను, చంకలను ఒరుస్తాయి. వాజలిన్ రాసుకోవడం మరిచిపోతే స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది ఆ మంట. బిబ్ ఇచ్చే ఎక్స్‌పోలో రెండు గంటలు నిలబడి స్టాళ్లు చూడటం కూడా కాళ్లకు పనే. సంగారెడ్డి నుంచి వచ్చేవాళ్లు శనివారం రాత్రి ఇంటికి తిరిగి వెళ్తే ఆదివారం రెండున్నర, మూడింటికే లేవాలి. చందానగర్‌లోనో మియాపూర్‌లోనో చుట్టాలింట్లో పడుకుంటే గంటకు పైగా నిద్ర కలిసొస్తుంది. పోటీ ముందురోజు రాత్రి ఎటూ సరిగా నిద్ర పట్టదు కాబట్టి శుక్రవారం రాత్రి నిద్రే అసలైన పెట్టుబడి.

అక్కడే ఫ్యాక్టరీ మనిషి చిక్కు మొదలవుతుంది. శుక్రవారం రాత్రి పదింటికి నైట్ షిఫ్టు ఎక్కి శనివారం పొద్దున ఆరింటికి దిగి, నేరుగా హైటెక్స్ వెళ్లి పరుగెత్తితే అది రెండు పోటీల వారాంతం కాదు, మూడు పోటీలది. ఎనిమిది గంటలు సేఫ్టీ బూట్లతో నిలబడిన కాలు అప్పటికే ఒక పరుగు పూర్తిచేసినట్టు లెక్క. శిక్షణ పట్టికలు రాసేవాళ్లు కుర్చీ ఉద్యోగాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తారు. 1960లలో బీహెచ్‌ఈఎల్‌తో మొదలై, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలతో పెరిగి, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం దాకా విస్తరించిన ఈ ప్రాంతానికి అలాంటి పట్టిక సరిపోదు. ఇక్కడి రన్నర్ తన షిఫ్టును కూడా కిలోమీటర్ల డైరీలో రాసుకోవాలి. నైట్ షిఫ్టు వారంలో పొడవాటి పరుగు పెట్టుకోకూడదు. ఫస్ట్ షిఫ్టు వారంలో సాయంత్రాలు దొరుకుతాయి, జోడీ పరుగుల సాధన అప్పుడే చేయాలి.

జోడీ సాధన అంటే శనివారం సాయంత్రం ఎనిమిది కిలోమీటర్లు, అందులో చివరి రెండు మూడు కాస్త వేగంగా. ఆదివారం పొద్దున పద్నాలుగు నుంచి పదహారు, పూర్తిగా నింపాదిగా. నడుమ పన్నెండు గంటలే ఉంటాయి కాబట్టి అసలు పోటీ కంటే ఇదే కష్టం. అల్ట్రా పరుగుల వాళ్లు దశాబ్దాలుగా వాడుతున్న కిటుకు ఇది. ఒకేరోజు పాతిక కిలోమీటర్లు పరుగెత్తి కీళ్లను అరగదీసే బదులు, అలసిన కాలితో మళ్లీ బయల్దేరడం ఎలాగో ఒంటికి నేర్పుతుంది. రెండు మూడు వారాలకోసారి చాలు, పోటీకి ముందు అలాంటివి నాలుగు చేసినా ఎక్కువే. అందులో నేర్చుకునేది ముఖ్యంగా ఒకటి: ఆదివారం మొదటి మూడు కిలోమీటర్లు కాళ్లు బరువుగా ఉంటాయి, తర్వాత తేలికపడతాయి. ఈ సంగతి ముందే తెలిసినవాడు నెక్లెస్ రోడ్డు మీద కంగారుపడడు. తెలియనివాడు బరువును జయించాలని వేగం పెంచి, దారిలోని ఫ్లైఓవర్లు ఎక్కేసరికి ఖర్చైపోతాడు. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. కండరం సాగుతూ బరువు మోసేది దిగుడులోనే, మర్నాటి నొప్పికి చాలావరకు కారణం అదే.

ఎక్కడ సాధన చేయాలన్నది కూడా ఇక్కడ ఆరోగ్య ప్రశ్నే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో పటాన్‌చెరు, సంగారెడ్డి రెండూ ఉన్నాయి. చలికాలంలో తెల్లవారకముందు చల్లగాలి నేలను అంటిపెట్టుకుని పొగను పైకి పోనివ్వదు. ఆ నెలల్లో నాలుగింటికి ముంబయి హైవే పక్కన పరుగెత్తడం కంటే ఎండ కాస్త వచ్చాక బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ చెట్ల నీడన పరుగెత్తడం మంచిది. హైవే మీద లారీల ప్రమాదం సరేసరి. ఇన్ని వేలమంది పనిచేసే ప్రాంతంలో కాలిబాట, వెలుతురు ఉన్న అయిదు కిలోమీటర్ల దారి అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఇంత శ్రమ ఎందుకంటే, వారంలో మనిషి తనకోసం దక్కించుకునే కొన్ని గంటల కోసం. మిగతా రోజుల్లో అతని సమయాన్ని సైరన్, ఓవర్‌టైమ్, కంపెనీ బస్సు పంచుకుంటాయి. ఒక పరుగులో తన వేగం ఎంతో తెలుస్తుంది. వెంటనే మరో పరుగు పెట్టుకుంటే ఆ వేగాన్ని తగ్గించుకోవడం, తిండిని, నిద్రను, షిఫ్టును ముందుచూపుతో సర్దుకోవడం వస్తాయి. అలసటలో ఏది భయమో, ఏది నిజమైన హెచ్చరికో కూడా మెల్లగా తెలుస్తుంది. ఒక ఏడాదైనా నిలకడగా పరుగెత్తనివాళ్లు, జ్వరం తగ్గి వారం కానివాళ్లు, నడకలోనే గుండెల్లో బరువు అనిపించేవాళ్లు ఈ జోడీ పరుగుల జోలికి వెళ్లకూడదు. నలభై దాటినవాళ్లు ముందు డాక్టరును కలవాలి.

సోమవారం సంగతి కూడా ముందే చూసుకోవాలి. కండరాల నొప్పి పరుగైన ఇరవై నాలుగు నుంచి డెబ్బై రెండు గంటల మధ్య ముదురుతుంది, అంటే సోమవారం నుంచి బుధవారం దాకా. రియాక్టర్ బ్లాకుల ఇనుప మెట్లు దిగేవాడికి, క్రేన్ కింద చురుగ్గా తప్పుకోవలసినవాడికి బిగుసుకుపోయిన తొడలు ప్రమాదమే. కాబట్టి సోమవారం సెలవు పెట్టుకోవాలి, కుదరకపోతే సెకండ్ షిఫ్టుకు మార్పించుకోవాలి. బిబ్ నంబరు చూపించి నెల ముందే అడిగితే వీక్లీ ఆఫ్ సర్దడం సూపర్‌వైజర్‌కు పెద్ద పని కాదు. బుధవారం దాకా నడక చాలు. గురువారం మెల్లగా మూడు నాలుగు కిలోమీటర్లు పరుగెత్తి చూడొచ్చు. అప్పటికీ నొప్పి రెండు కాళ్లకూ కాక ఒకే కాలిలో, ఒకే చోట వేలితో చూపగలిగేలా ఉంటే, మళ్లీ పరుగు మొదలుపెట్టకముందే ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి.